టెక్ సందేహాలు: ఫొటో పెట్టాడు, బటన్ నొక్కలేదు

బెంగళూరులో బడులు తెరిచాక నాకొచ్చే ప్రశ్నల రంగు మారిపోతుంది. ఏ ఫోన్ కొనాలి, ఏ టీవీ మంచిది అనేవి వెనక్కి వెళ్లి, హోంవర్కు ముందుకొస్తుంది. ఈ వారం అన్నీ అవే.

మా అబ్బాయి ఎనిమిదో తరగతి. హోంవర్కు గూగుల్ క్లాస్‌రూమ్‌లో, సర్క్యులర్లు వాట్సాప్ గ్రూపులో, హాజరు స్కూలు యాప్‌లో. అడిగితే "చేసేశానమ్మా" అంటాడు. పేరెంట్స్ మీటింగుకి వెళ్తే ఆరు అసైన్‌మెంట్లు అందలేదన్నారు. ఈ సంగతి నాకు ముందే తెలిసే దారి ఉందా? (మారతహళ్లి నుంచి ఒక తల్లి)

అబ్బాయి అబద్ధమాడాడని అప్పుడే తేల్చేయకండి. మా అన్నయ్య కూతురు నిరుడు ఇలాగే తిట్లు తింది. ఫోన్ తీసి చూస్తే నోట్సు ఫొటోలు నాలుగూ అప్‌లోడ్ అయి ఉన్నాయి. కింద ఉన్న 'టర్న్ ఇన్' బటనొక్కటే నొక్కలేదు. అది నొక్కేదాకా టీచరు జాబితాలో ఆ పని అందనట్టే ఉంటుంది. ఫొటో ఎక్కింది కదా, అయిపోయిందనుకుంటారు పిల్లలు. మీ ఆరింటిలో కొన్నైనా ఈ బాపతే అయ్యుండొచ్చు.

ఈ రాత్రి అబ్బాయి పక్కన కూర్చుని క్లాస్‌రూమ్‌లో 'టు-డూ' తెరవమనండి. అందులో చేయాల్సినవి, గడువు దాటినవి, అయిపోయినవి వేర్వేరుగా ఉంటాయి. 'మిస్సింగ్' అన్నచోట ఏముందో చూస్తే చాలు. వారానికొకసారి, ఆదివారం సాయంత్రం, ఐదు నిమిషాలు. రోజూ తనిఖీ చేస్తే ఇల్లు పోలీస్ స్టేషన్ అవుతుంది.

ఇంకో సదుపాయం ఉంది, చాలామంది తల్లిదండ్రులకు తెలియదు. అబ్బాయి అకౌంటు స్కూలు ఇచ్చినదైతే, స్కూలువాళ్లు మీ ఈమెయిలును గార్డియన్‌గా చేర్చవచ్చు. చేరిస్తే రాని పనులు, రాబోయే పనులు, క్లాసులో ఏం జరిగిందీ రోజుకో వారానికో ఒక మెయిల్‌లో వస్తాయి. మార్కులు అందులో రావు. మామూలు జీమెయిల్‌తో నడిపే క్లాసులకు ఈ సదుపాయం లేదు. ఆఫీసుకి ఫోన్ చేసి "గార్డియన్ సమ్మరీ ఆన్ చేయండి" అని అదే మాటతో అడగండి.

ఇక వాట్సాప్. గుడ్‌మార్నింగ్ పూల మధ్య టైమ్‌టేబుల్ వెతకడం నరకం. పైన గ్రూపు పేరు నొక్కి, 'మీడియా, లింక్స్, డాక్స్'లోకి వెళ్లి, 'డాక్స్' చూడండి. ఇప్పటిదాకా వచ్చిన పీడీఎఫ్‌లన్నీ వరుసగా ఉంటాయి. అడ్మిన్‌ను బతిమాలి ఆ వారం హోంవర్కు మెసేజీని పైన పిన్ చేయించండి. ముప్ఫై రోజుల దాకా నిలుస్తుంది. గ్రూపు పేరు నొక్కితే వచ్చే పేజీలోనే 'మీడియా విజిబిలిటీ' ఆపేస్తే గ్రూపు ఫొటోలు మీ గ్యాలరీలోకి చొరబడవు.

అబ్బాయి పేజీకొక ఫొటో చొప్పున పంపుతుంటే మాన్పించండి. గూగుల్ డ్రైవ్ యాప్‌లోని స్కాన్‌తో పేజీలన్నీ కలిపి ఒకే పీడీఎఫ్ చేయొచ్చు. ట్యూబ్‌లైట్ వీపు వెనక ఉంటే మన చేతి నీడే లెక్క మీద పడుతుంది. లైటుకి ఎదురుగా తిరిగి కూర్చుని తీయాలి. చిన్న విషయమే, కానీ టీచరు కళ్లు మీకు రుణపడతాయి.

మాది కదిరి. రామమూర్తి నగర్‌లో ఉంటున్నాం, నేను మేస్త్రీని. కన్నడ మాట్లాడతాను, చదవడం రాదు. మా పాప ఎనిమిదో తరగతి. రోజూ కన్నడ డిక్టేషన్ చెప్పమంటుంది. ఇంట్లో ఒక్కటే ఫోన్, అది నా దగ్గరే ఉంటుంది. ట్యూషన్ తప్ప వేరే దారి లేదా?

ఉంది. మీకు తెలుగు చదవడం వచ్చు, కన్నడ మాట వచ్చు. మధ్యలో అడ్డం లిపి ఒక్కటే. అదీ దూరపుది కాదు. ఒకప్పుడు రెండు భాషలకూ ఒకే లిపి. ఇప్పటికీ సగం అక్షరాలు అన్నదమ్ముల్లా ఉంటాయి.

ఫోన్‌లో గూగుల్ లెన్స్ తెరిచి పాఠం పేజీని ఫొటో తీయండి. అక్షరాలను ఎంచుకుని 'కాపీ టెక్స్ట్' నొక్కండి. తర్వాత అక్షరముఖ అనే ఉచిత వెబ్‌సైట్‌లో అతికించి, కన్నడ నుంచి తెలుగుకి అని పెట్టండి. అది అర్థం మార్చదు, లిపి మాత్రమే మారుస్తుంది. అదే కన్నడ మాట తెలుగు అక్షరాల్లో వస్తుంది. మీరు చూసి చదవండి, పాప కన్నడలో రాస్తుంది. అచ్చు అక్షరాలైతే లెన్స్ బాగా పడుతుంది. చేతిరాత మీద ఆశ పెట్టుకోవద్దు.

మొదటి రోజు మీకు నవ్వొస్తుంది. తెరమీద 'హాలు' అని ఉంటుంది, మీరు పెళ్లిహాలు అనుకుంటారు. అవి పాలు. మన మాట మొదట్లో 'ప' ఉన్నచోట కన్నడలో చాలాసార్లు 'హ' వస్తుంది: పులి హులి, పువ్వు హూవు, పండు హణ్ణు. మేస్త్రీ పనిలో రోజూ వినే మాటలే కాబట్టి ఇది పాపకంటే మీకే ముందు పట్టుబడుతుంది.

అర్థం కావాలంటే లెన్స్‌లోనే 'ట్రాన్స్‌లేట్' ఉంది. పాఠాలకు పనికొస్తుంది. పాత కన్నడ పద్యాల దగ్గర మాత్రం అడ్డదిడ్డంగా చెబుతుంది, నమ్మొద్దు.

ఒక్క ఫోన్ సంగతి. పాఠ్యపుస్తకంలో క్యూఆర్ కోడ్లు ఉంటే అవి దీక్ష యాప్‌లో తెరుచుకుంటాయి. కేంద్ర ప్రభుత్వం 2017లో తెచ్చిన యాప్ ఇది, ఉచితం. కోడ్ చెరిగిపోయినా, మీ కెమెరా అద్దం పగిలినా ఫరవాలేదు. దాని కింద ఆరు అక్షరాల గుర్తు అచ్చేసి ఉంటుంది, దాన్ని టైపు చేసినా చాలు. వైఫై దొరికినచోట డౌన్‌లోడ్ చేసుకుంటే ఇంట్లో నెట్ లేకుండా చూడొచ్చు. సైటు దగ్గర టీ తాగే పదినిమిషాల్లో మీరు ఆ పని చేస్తే, రాత్రి పాపకి పాఠం సిద్ధంగా ఉంటుంది.

నేను కె.ఆర్.పురం వైపు హైస్కూల్లో లెక్కల టీచర్ని. సాయంత్రం గూగుల్ ఫామ్స్‌లో పది ప్రశ్నల క్విజ్ పంపుతున్నాను. సగం మందే చేస్తున్నారు. ఇంట్లో చదవడం లేదనుకోవాలా?

పై ఉత్తరం చదివారు కదా మాస్టారూ. ఆ మేస్త్రీ ఫోన్ ఇల్లు చేరేది ఏ తొమ్మిదింటికో. మీ గడువు ఎన్నింటికి? ఎనిమిదికైతే మీరు కొలుస్తున్నది లెక్కలు కాదు, నాన్న ఇంటికొచ్చే టైము. గడువు మర్నాడు బెల్లు కొట్టేదాకా పెట్టండి. పది ప్రశ్నలు నాలుగుకి తగ్గించండి.

తర్వాత ఫామ్ సెట్టింగ్స్ చూడండి. 'ఒక్కరికి ఒక్క జవాబే' అన్నది ఆన్‌లో ఉంటే గూగుల్ లాగిన్ అడుగుతుంది. ఫైల్ అప్‌లోడ్ ప్రశ్న పెట్టినా అంతే. అమ్మ ఫోన్‌లో అన్న, చెల్లి ఇద్దరూ రాయాల్సిన ఇంట్లో రెండోవాళ్లు అక్కడే ఆగిపోతారు. ఈమెయిల్ సేకరణ కూడా ఆపేయండి. బదులుగా రోల్ నంబరు అడగండి. టైపు చేయనివ్వకుండా డ్రాప్‌డౌన్ జాబితా ఇవ్వండి. లేకపోతే ఒకడు '8బి 12' అని, ఇంకొకడు '12' అని రాసి మీ ఎక్సెల్‌ను కిచిడీ చేస్తారు. మార్కులు సబ్మిట్ చేయగానే కనిపించేలా పెట్టండి.

మీకు అసలు పనికొచ్చేది 'రెస్పాన్సెస్'లోని 'సమ్మరీ'. ఎక్కువమంది తప్పు చేసిన ప్రశ్నలు అక్కడ విడిగా చూపిస్తుంది. పొద్దున స్టాఫ్ రూములో అది చూసుకుని, మొదటి పది నిమిషాలు ఆ ఒక్క లెక్కే బోర్డు మీద చేయండి. రాత్రి చేసిన దానికి పొద్దున క్లాసులో లెక్క ఉందని పిల్లలకు తెలిస్తే మీ సగం పెరుగుతుంది. ఫోనే లేనివాళ్ల కోసం ఫామ్‌ను ప్రింట్ తీయొచ్చు, మెనూలో ఆప్షన్ ఉంది.

వర్క్‌షీట్లు ప్రింట్ తీయమని స్కూలు రోజూ పంపుతోంది. ఇంటికి ప్రింటర్ కొనాలా? (బీటీఎం లేఅవుట్)

వారానికి నాలుగైదు పేజీలైతే వద్దు. ఇంక్‌జెట్ వాడకపోతే సిరా చిమ్మే నాజిల్ ఎండిపోతుంది, దాన్ని శుభ్రం చేయడానికే సిరా అయిపోతుంది. రోజూ పది పేజీలు, నలుపు తెలుపే అయితే చిన్న లేజర్ ప్రింటర్ తీసుకోండి, అందులో సిరా బదులు పొడి ఉంటుంది, అది ఎండదు. కాదంటే వీధి చివర జిరాక్స్ షాపు ఉండనే ఉంది. అక్కడికి వాట్సాప్‌లో పంపిన ఫైళ్లను ప్రింట్ కాగానే 'డిలీట్ ఫర్ ఎవ్రీవన్' చేయండి. షాపు కంప్యూటర్లో డౌన్‌లోడ్ అయిన కాపీ దాంతో పోదు, అది మీ ఎదుటే తీసేయమనాలి. వర్క్‌షీటైతే పోనీలెండి, పిల్లల ఆధార్ పంపినప్పుడు మాత్రం కౌంటరు దగ్గర నిలబడి మరీ తీయించండి.