అమ్మాయి ఫుట్‌బాల్ కామెంటరీ చెబుతోంది, వద్దనమంటారా?

ప్రశ్న: మాది బాపట్ల. ఇరవై రెండేళ్ళుగా ఒహాయోలో, కొలంబస్ దగ్గర ఉంటున్నాం. మా అమ్మాయి ఇక్కడే పుట్టింది. ఇదే రాష్ట్రంలో ఒక చిన్న కాలేజీలో ఎకనామిక్స్ రెండో సంవత్సరం చదువుతోంది. పోయిన ఏడాది నుంచి వాళ్ళ కాలేజీ అమెరికన్ ఫుట్‌బాల్ టీమ్ ఆటలకు శనివారాలు కామెంటరీ చెబుతోంది. చెప్పేది వారానికి మూడు గంటలే అయినా వారమంతా గదినిండా కాగితాలు, రంగు పెన్నులు. ఇప్పుడు ఇదే నా కెరీర్ అంటోంది. తను ఎప్పుడూ ఆ ఆట ఆడలేదు. మా ఇంట్లో ఎవరికీ ఆ ఆట అర్థం కాదు. డబ్బు కూడా నామమాత్రంగా ఇస్తారు. వద్దంటే బాధపడుతుంది, సరే అంటే దాని భవిష్యత్తు ఏమవుతుందోనని మాకు టెన్షన్. ఏం చెయ్యమంటారు?

జవాబు: మీరు ఫిర్యాదుగా రాసిన మాటే నాకు ధైర్యాన్నిచ్చింది. గదినిండా కాగితాలు, రంగు పెన్నులు అన్నారు కదా. అసలు పని అదే. శనివారం మైకు ముందు జరిగేది ఆ పనికి పరీక్ష మాత్రమే.

ఆ కాగితాన్ని స్పాటింగ్ బోర్డు అంటారు. మైదానంలో ఆటగాళ్ళు నిలబడే వరసలోనే పెద్ద అట్ట మీద గళ్ళు గీస్తారు. ఒక్కో గడిలో ఆ స్థానంలో మొదట ఆడేవాడి పేరు, అతని కింద అతని బదులు వచ్చేవాడి పేరు. పక్కన జెర్సీ నంబరు, ఏ సంవత్సరం చదువుతున్నాడు, ఏ ఊరు, ఈ సీజన్‌లో ఎన్ని గజాలు పరుగెత్తాడు, ఎన్ని ట్యాకిళ్ళు చేశాడు, అంటే బంతి పట్టుకున్నవాణ్ణి ఎన్నిసార్లు కింద పడేశాడు. బంతి చేతిలో ఉన్న జట్టుకు ఒక రంగు, ఆపే జట్టుకు ఇంకో రంగు. చిన్న కాలేజీలో ఈ పని ఇంకా కష్టం. కాలేజీ ఆటల్లో మూడో అంచె అయిన డివిజన్ త్రీ జట్లలో వందమంది పైన ఆటగాళ్ళు ఉండటం మామూలే, జెర్సీ నంబర్లు మాత్రం సున్నా నుంచి తొంభై తొమ్మిది దాకానే. అందుకని ఒకే నంబరు ఇద్దరికి ఇస్తారు. ఇద్దరూ ఒకేసారి మైదానంలో ఉండకూడదన్నది నియమం. ట్యాకిల్ చేసిన ఇరవై రెండో నంబరువాడు ఈ అబ్బాయా, ఆ అబ్బాయా అన్నది మీ అమ్మాయి క్షణంలో చెప్పాలి. తప్పు చెబితే ఎక్కడో ఒక ఇంట్లో ఒక అమ్మ నొచ్చుకుంటుంది.

మీకు ఆట అర్థం కాదన్నారు కాబట్టి రెండు మాటలు. మైదానం వంద గజాలు. బంతి చేతిలో ఉన్న జట్టుకు నాలుగు అవకాశాలు, వాటిలో కనీసం పది గజాలు ముందుకు వెళ్ళాలి. వెళ్తే మళ్ళీ నాలుగు, వెళ్ళకపోతే బంతి అవతలివాళ్ళది. బంతి చివరి గీత దాటితే టచ్‌డౌన్, ఆరు పాయింట్లు. ఒక్కో ప్రయత్నం కొన్ని సెకన్లలో అయిపోతుంది. తర్వాతది మొదలుపెట్టడానికి నలభై సెకన్ల గడువుంటుంది. కామెంటేటర్ గొప్పతనం తెలిసేది ఆ ఖాళీలోనే. మన క్రికెట్‌లో బౌలర్ వెనక్కి నడిచి వెళ్ళేటప్పుడు మంచి వ్యాఖ్యాత ఏం చెబుతాడో గుర్తు తెచ్చుకోండి. బంతి ఏ గీత మీద ఉంది, ఎన్నో ప్రయత్నం, ఇంకా ఎన్ని గజాలు కావాలి అన్నవి ప్రతిసారీ చెప్పాలి. అవి చెప్పాక మిగిలిన సెకన్లలో ఆ కుర్రాడి గురించి ఒక్క మంచి విషయం. అది వారం మధ్యలో వెతికి పెట్టుకున్నదై ఉండాలి, అప్పటికప్పుడు తట్టదు.

ఆ ఆటలు ఎవరు వింటారని మీకు అనిపించవచ్చు. డివిజన్ త్రీలో ఆటకు స్కాలర్‌షిప్ ఇవ్వరు. ఆ కుర్రాళ్ళు రేపు టీచర్లు, ఇంజనీర్లు, అకౌంటెంట్లు అవుతారు. ఇష్టంతోనే తెల్లవారుజామున లేచి బరువులెత్తుతారు. వాళ్ళ ఆట వినేది తల్లిదండ్రులు, తాతయ్యలు, నానమ్మలు, పాత విద్యార్థులు. ఎక్కువసార్లు కొన్ని వందలమందే ఉంటారు, కానీ వాళ్ళు ప్రాణం పెట్టి వింటారు. అలాగని ఈ లోకాన్ని చిన్నచూపు చూడకండి. మీ రాష్ట్రంలోనే అలయన్స్ అనే ఊళ్ళో మౌంట్ యూనియన్ ఉంది. 1993 నుంచి 2017 లోపు ఆ కాలేజీ పదమూడుసార్లు డివిజన్ త్రీ జాతీయ చాంపియన్. 2025 ఫిబ్రవరిలో ఎన్ఎఫ్ఎల్ అనే వృత్తి ఫుట్‌బాల్ లీగ్ ఫైనల్, అంటే సూపర్ బౌల్ గెలిచిన ఫిలడెల్ఫియా ఈగిల్స్ కోచ్ నిక్ సిరియాని ఆ కాలేజీలో ఆడినవాడే. న్యూయార్క్ రాష్ట్రంలో ఇథాకా, కోర్ట్‌లాండ్ కాలేజీలు ఏటా ట్రోఫీగా ఒక కూజా కోసం ఆడతాయి. 2019లో ఆ ఆటను న్యూజెర్సీలోని మెట్‌లైఫ్ స్టేడియంలో పెడితే నలభై అయిదు వేలమంది పైన వచ్చారు. ఇంకో ముచ్చట. ఎన్ఎఫ్ఎల్ ఆటల్లో వాడే బంతులు తయారయ్యేది మీ ఒహాయోలోనే, ఏడా అనే చిన్న ఊళ్ళో. డివిజన్ త్రీలో ఆడే ఒహాయో నార్తర్న్ విశ్వవిద్యాలయం ఉన్నదీ ఆ ఊళ్ళోనే.

కొన్నేళ్ళ క్రితం నా దగ్గరికి సలహాకు వచ్చిన ఒక కుర్రాడితో కలిసి అలాంటి ఒక చిన్న స్టేడియంలో ప్రెస్ బాక్స్‌లో కూర్చున్నాను. అవతలి జట్టు ఆటగాడు కిందపడి లేవలేదు. కుర్రాడు మాట ఆపేశాడు. కాసేపు మౌనం. తర్వాత గొంతు తగ్గించి, 'చెయ్యి కదిలిస్తున్నాడు, డాక్టర్‌తో మాట్లాడుతున్నాడు' అన్నాడు. ఎలా పడ్డాడు, ఎవరు గుద్దారు అన్నది ఎత్తలేదు. విరామంలో ఎందుకలా చెప్పావని అడిగితే, 'వాళ్ళ ఇంట్లోవాళ్ళు మా ప్రసారమే చూస్తుంటారండీ, వాళ్ళకు ముందు తెలియాల్సింది అదే కదా' అన్నాడు. ఇరవై ఏళ్ళవాడికి ఆ ఇంగితం ఏ క్లాసులోనూ రాదు. మీ అమ్మాయి వారం వారం నేర్చుకుంటున్న వాటిలో ఇదీ ఒకటి. రేపు ఏ ఉద్యోగంలో చేరినా పనికొస్తుంది.

ఆట ఆడలేదన్న బెంగ వదిలేయండి. ఈ పనిలో రెండు కుర్చీలు ఉంటాయి. ఏం జరిగిందో జరిగినట్టు చెప్పేది ప్లే-బై-ప్లే. ఎందుకు జరిగిందో విడమరిచేది ఎనలిస్ట్. ఎనలిస్ట్ కుర్చీలో చాలావరకు పాత ఆటగాళ్ళో, కోచ్‌లో కూర్చుంటారు. మొదటి కుర్చీకి కావలసింది కన్ను, గొంతు, జ్ఞాపకం, తయారీ. అమ్మాయిలకు అక్కడ దారి ఇరుకుగానే ఉండేది. 1987లో గేల్ సీరెన్స్ ఎన్ఎఫ్ఎల్ ఆటకు ప్లే-బై-ప్లే చెప్పిన తొలి మహిళ. ఆ తర్వాత రెగ్యులర్ సీజన్ ఆటకు ఇంకో మహిళ జాతీయ టీవీలో చెప్పడానికి 2017 దాకా పట్టింది. ఆమె బెత్ మోవిన్స్. చదివింది లఫాయెట్ అనే చిన్న కాలేజీలో, అక్కడ ఆమె ఆడింది బాస్కెట్‌బాల్. ఆ ముప్పై ఏళ్ళ ఎడం చూసి భయపడనక్కర లేదు, దారి ఇప్పుడు అప్పటికంటే తెరుచుకుని ఉంది. మన తెలుగు పేరున్న అమ్మాయి గొంతు మిడ్‌వెస్ట్ ఫుట్‌బాల్ మీద వినిపించడం నాకైతే ఎంతో ఆనందంగా ఉంది, ఆ మాట దాచుకోను.

చిన్న కాలేజీలో చేరడం ఈ విషయంలో ఆమెకు కలిసొచ్చింది. పెద్ద విశ్వవిద్యాలయాల్లో ఫుట్‌బాల్ మైకు అనుభవమున్న వృత్తి వ్యాఖ్యాతల చేతిలో ఉంటుంది. విద్యార్థులు స్టూడెంట్ రేడియోలో వంతు కోసం ఎదురుచూడాలి. మీ అమ్మాయికి మొదటి ఏడాదే మైకు దొరికింది. కెమెరా పట్టేవాడు రాకపోతే కెమెరా పట్టి ఉంటుంది, స్కోరు బొమ్మ తెర మీద తనే పెట్టి ఉంటుంది. అవన్నీ జీతం వచ్చే పనులే.

ఇక డబ్బు. ఇక్కడ మీ భయం సబబైనదే. కామెంటరీ ఒక్కటే చేసి ఇల్లు గడుపుకునేవాళ్ళు తక్కువ. మొదట్లో ఆటకింత అని ఇస్తారు, ఆట లేకపోతే డబ్బు లేదు. తొలి ఉద్యోగాలు దొరికేది చిన్న ఊళ్ళలో. మైనర్ లీగ్, అంటే కింది అంచె వృత్తి బేస్‌బాల్ జట్టులో చేరితే మైకుతోపాటు టికెట్లు అమ్మడం, ప్రకటనలు తేవడం, పత్రికలకు వార్తలు రాయడం కూడా మీద పడతాయి. సాయంత్రాలు, శని ఆదివారాలు ఉండవు. ఫుట్‌బాల్ సీజన్ సెప్టెంబర్ నుంచి నవంబర్ దాకా, సరిగ్గా దసరా, దీపావళి ఆ మధ్యలోనే. పండక్కి ఇంటికి రాలేదని మీరు ఇప్పటికే ఒకసారి బాధపడి ఉంటారు. ఆమె ఇందులోనే ఉంటే అది అలవాటు చేసుకోవాలి, ఆ సంగతి ఇద్దరూ ముందే మాట్లాడుకోండి.

అందుకే వద్దనకండి, అలాగని దీన్నొక్కదాన్నే నమ్ముకోనివ్వకండి. ఎకనామిక్స్ వదిలి జర్నలిజానికి మారతానంటే మాత్రం నేను ఒప్పుకోను. కామెంటరీ నేర్పేది మైకు, అది చేతిలో ఉంది. ఎకనామిక్స్‌తోపాటు స్టాటిస్టిక్స్ కోర్సులు రెండు మూడు తీసుకోమనండి. నాలుగో ప్రయత్నంలో బంతిని తన్నేయాలా, ధైర్యం చేసి ముందుకెళ్ళాలా అన్నది ఈ రోజుల్లో జట్లు లెక్కలు వేసి తేలుస్తున్నాయి. ఆ లెక్క తెలిసిన గొంతుకు విలువ ఎక్కువ. రేపు మైకు దొరకకపోయినా ఆ లెక్కతోనే టీమ్ ఆఫీసులోనో, కంపెనీలోనో ఉద్యోగం ఉంటుంది.

ఫుట్‌బాల్ ఒక్కటే పట్టుకుంటే అనుభవం చాలదు. డివిజన్ త్రీలో రెగ్యులర్ సీజన్ పది ఆటలే, సొంత మైదానంలో ఐదో ఆరో. బాస్కెట్‌బాల్‌లో ఇరవై అయిదు దాకా ఉంటాయి. వాలీబాల్, సాకర్, సాఫ్ట్‌బాల్ కూడా చెప్పమనండి. మార్చి చలిలో ముప్పైమంది చూసే సాఫ్ట్‌బాల్‌కు కూడా ఆమె బోర్డు రాసుకుంటే, ఇష్టం నిజమైనదని నమ్మండి. ప్రతి కాలేజీలో ఆటల సమాచారం చూసే ఆఫీసు ఒకటి ఉంటుంది. గణాంకాలు ఎక్కించేది, పత్రికలకు వార్తలు పంపేది, ప్రసారం చూసుకునేది వాళ్ళే. అక్కడ జీతానికి విద్యార్థి ఉద్యోగం అడగమనండి. ఈ రంగంలో నెల జీతమొచ్చే ఉద్యోగాలు మైకు దగ్గరకంటే ఆ ఆఫీసుల్లో ఎక్కువ.

రికార్డింగ్ విషయంలో ఆమెకు నా మాటగా ఇది చెప్పండి. ఆదివారం పొద్దున నిన్నటి ఆట వినాలి. సొంత గొంతు వినడం ఎవరికైనా ఇబ్బందే, అయినా వినాలి. ఒకే మాట ఎన్నిసార్లు వాడిందో, బంతి ఎక్కడుందో చెప్పడం ఎన్నిసార్లు మరిచిందో రాసుకోవాలి. సీజన్ చివర్లో అయిదు నిమిషాల ముక్క ఒకటి తయారు చెయ్యాలి. అన్నీ టచ్‌డౌన్ కేకలే అతికిస్తే ఎవరూ మెచ్చుకోరు. మామూలుగా సాగిన ఒక క్వార్టర్‌లోంచి, అంటే ఆటలో నాలుగో వంతులోంచి, తెంపకుండా కొన్ని నిమిషాలు పెట్టాలి. నియమించేవాళ్ళకు కావలసింది అదే. దాన్ని తనకు తెలియని నలుగురు వ్యాఖ్యాతలకు పంపి, తప్పులు చెప్పమని అడగాలి. చాలామంది చెబుతారు, ఈ వృత్తిలో పెద్దవాళ్ళకు ఆ మంచి అలవాటుంది. కాలేజీ విద్యార్థి వ్యాఖ్యాతలకు ప్రసిద్ధ టీవీ వ్యాఖ్యాత జిమ్ నాంట్జ్ పేరుతో ఒక జాతీయ అవార్డు ఉంది. గెలవాలని కాదు, తన ముక్కను ఇతరుల వాటి పక్కన పెట్టి వినడానికైనా దానికి పంపడం మంచిది.

గడువు కూడా ఇద్దరూ కలిసి పెట్టుకోండి. మూడో ఏడాది తర్వాత వచ్చే వేసవి ముగిసేదాకా ఆమెను కదిలించకండి. అప్పటికి కాలేజీతో సంబంధం లేనివాళ్ళు ఎవరైనా ఒక్క ఆటకైనా డబ్బిచ్చి పిలిచారా అన్నది చూడండి. శుక్రవారం రాత్రి హైస్కూల్ ఆట అయినా సరే. మొదటి ఏడాది రికార్డింగ్, మూడో ఏడాది రికార్డింగ్ పక్కపక్కన పెడితే తేడా మీకే తెలుస్తుంది, ఆట తెలియకపోయినా. రెండింటికీ సమాధానం లేదనే వస్తే ఎకనామిక్స్ ఉద్యోగాలకు దరఖాస్తులు పెట్టడం మొదలుపెట్టాలి. ఆ మాట ఇప్పుడే ప్రేమగా అనుకుంటే అప్పుడు గొడవ ఉండదు.

హైదరాబాద్ నుంచో, విజయవాడ నుంచో ఎఫ్-1 విద్యార్థి వీసా మీద వచ్చి ఈ పని ఇష్టపడే పిల్లలకు ఒక హెచ్చరిక. కాలేజీ ఆవరణలో సెమిస్టర్ రోజుల్లో వారానికి ఇరవై గంటలదాకా పని చెయ్యవచ్చు. బయటి రేడియో స్టేషన్‌కో, హైస్కూల్ ఆటకో డబ్బు తీసుకునేముందు, ఉచితంగా చేసేముందు కూడా, కాలేజీలోని అంతర్జాతీయ విద్యార్థుల ఆఫీసును అడగాలి. అనుమతి లేని ఒక్క శుక్రవారం ఆట వీసాకే ముప్పు తెస్తుంది. మీ అమ్మాయికి ఈ బెడద లేదు.

చివరిగా మీకో పని. రెడ్ బార్బర్ అనే పాత బేస్‌బాల్ వ్యాఖ్యాత మైకు పక్కన మూడు నిమిషాల ఇసుక గడియారం పెట్టుకునేవాడు. ఇసుక అయిపోయినప్పుడల్లా స్కోరు చెప్పి దాన్ని తిప్పేవాడు, మధ్యలో వచ్చి చేరినవాళ్ళకు స్కోరు తెలియాలి కదా. ఈ శనివారం మీరిద్దరూ ఇంట్లో కూర్చుని ఆమె ప్రసారం పెట్టుకోండి. బొమ్మ చూడకండి, గొంతే వినండి. చేతిలో వాచీ పెట్టుకుని, స్కోరు ఎన్ని నిమిషాలకోసారి చెప్పిందో కాగితం మీద రాసుకోండి. రాత్రి ఫోన్ చేసినప్పుడు తిన్నావా అని అడిగాక, ఆ కాగితం చదివి వినిపించండి.