ఆ ‘సుమారు’ ఎవరిది?

హనుమకొండ

తమ్ముడూ,

రామప్ప గుడి మీద నువ్వు ఇంగ్లీషులో రాసిన వ్యాసం, దానికి నువ్వే చేసుకున్న తెలుగు, రెండూ చదివాను. ‘అబౌట్’, ‘రఫ్లీ’, ‘నియర్లీ’, ‘ఆల్మోస్ట్’ నాలుగూ ఒకటేనన్నట్టు పేజీ నిండా చల్లావు.

ఎనుమాముల మార్కెట్లో మిర్చి తెచ్చిన రైతును అడిగి చూడు. బస్తాలెన్ని అంటే ‘ముప్పై’ అని టక్కున చెబుతాడు. తూకమెంత అంటే మాత్రం ‘ఓ పన్నెండు క్వింటాళ్లుంటాయి’ అంటాడు. కాంటా ఇంకా వేయలేదు కదా! ఆ ‘ఓ’ తెలియనిచోటే వచ్చింది. కాస్త అటో ఇటో అయినా మాట పోదు. ఇంగ్లీషు ‘అబౌట్’, ‘రఫ్లీ’ అలాంటివే. ‘నియర్లీ’, ‘ఆల్మోస్ట్’ అలా కాదు. పన్నెండుకు అందనప్పుడే అవి చెల్లుతాయి, దాటితే అబద్ధం. మన ‘దాదాపు’కు అంత పట్టింపు లేదు కాబట్టి నువ్వు జారావు.

‘అబౌట్ 1213’ అని రాశావు. శాసనంలోని శక సంవత్సరం 1213కే సరిపోతుండగా నీకెందుకు అనుమానం? పని 40 ఏళ్లు సాగిందంటారే, అది అంచనా. ‘అబౌట్’ అక్కడ పెట్టాలి. నువ్వు సరిగ్గా అక్కడే మానేశావు!

గోపురం ఇటుకలు ‘సార్ట్ ఆఫ్’ నీళ్లలో తేలుతాయట. తేలే ఇటుక తేలుతుంది, లేకపోతే మునుగుతుంది. తేలుతుందనడానికి నీకు మొహమాటమేమిటో నాకు అర్థం కాలేదు.

ఇక తెలుగు. ‘మెట్ల మీద అత్తయ్య దాదాపు పడిపోయింది’ అన్నావు. పాపం, ఆమె ‘పడబోయింది’. ‘ఆల్మోస్ట్’ చేసే పని మనకు క్రియే చేసిపెడుతుంది. ఆమె ‘దాదాపు ఏడ్చేసింది’ కూడా కాదు, ‘ఏడ్చినంత పని చేసింది’. ‘సుమారు నలుగురైదుగురు’ ఏమిటి? నలుగురా ఐదుగురా తెలియకే కదా ‘నలుగురైదుగురు’ అన్నావు, మళ్లీ సుమారెందుకు? నా మొదటి కథలో ఇలాంటివి పదకొండు ఉన్నాయి. సుమారుగా కాదు, లెక్కపెట్టాను.

తిరగరాసి తీసుకురా. ఆదివారం ఇంట్లోనే ఉంటాను. ఐదూ ఐదున్నరకు వస్తే టీ తాగుతూ చూద్దాం.

నీ అన్నయ్య