గుడ్డు పెంకు నున్నగా ఊడిరావాలంటే

బుజ్జీ,

ఆశీస్సులు. నువ్వు పంపిన ఫోటో చూశాను. పన్నెండు గుడ్లు ఉడకబెడితే నాలుగే నున్నగా వచ్చాయి, మిగతావన్నీ ఎవరో కొరికి వదిలేసినట్టు ఉన్నాయి. అది సరే కానీ, "నాకు పెంకు తీయడం చేతకాదు పెద్దమ్మా" అని రాశావు చూడు, ఆ మాట నాకు నచ్చలేదు. తప్పు నీ వేళ్ళది కాదమ్మా. గుడ్డు నీ చేతికి వచ్చేసరికే పెంకు ఊడుతుందో లేదో తేలిపోయి ఉంటుంది.

నువ్వు చన్నీళ్ళలో గుడ్లు వేసి, అప్పుడు స్టవ్ వెలిగిస్తున్నావు కదా? నేనూ చాలా ఏళ్ళు అలాగే చేశాను. చిక్కంతా అక్కడే ఉంది. పెంకుకీ తెల్లసొనకీ మధ్య పల్చటి పొర ఉంటుంది. నీళ్ళు మెల్లగా వేడెక్కుతుంటే సొన కూడా మెల్లగా గట్టిపడుతూ ఆ పొరకు అతుక్కుపోతుంది. అదే గుడ్డు మరిగే నీళ్ళలో పడితే, అంచున ఉన్న సొన ఒక్కసారిగా బిగుసుకుంటుంది. పొరకు అంటుకునే వ్యవధే దానికి దొరకదు.

అందుకని ముందు నీళ్ళు పెట్టు. గుడ్లు పూర్తిగా మునిగి, పైన రెండు వేళ్ళ ఎత్తు నీళ్ళు ఉండాలి. సలసల మరిగాక ఒక్కో గుడ్డునూ గరిటెలో పెట్టి అడుగుదాకా దింపి వదులు. పైనుంచి జారవిడిస్తే పగులుతాయి. అన్నీ వేశాక మంట తగ్గించు, చిన్న చిన్న బుడగలు వస్తుంటే చాలు. కళపెళా ఉడికితే గుడ్లు ఒకదానికొకటి కొట్టుకుంటాయి. పచ్చసొన పూర్తిగా గట్టిపడాలంటే 11 నుంచి 12 నిమిషాలు, మధ్యలో కాస్త మెత్తగా కావాలంటే 7 నిమిషాలు. అందాజాగా వద్దు, ఫోన్లో టైమర్ పెట్టుకో. ఆవిరి మీద ఉడికించినా పెంకు ఇంతే సులువుగా వస్తుంది.

ఇక గుడ్డు వయసు సంగతి. తాజా గుడ్డే అన్నిటికీ మంచిదని నేనూ అనుకునేదాన్ని. ఒకసారి ఇంట్లో నలభై మందికి వండాల్సి వస్తే, ఆ పొద్దున పెట్టిన గుడ్లే కావాలని పట్టుబట్టి తెప్పించాను. ఒక్కటీ సరిగ్గా రాలేదు. సగం సొన పెంకుతోనే పోయింది. అవతల అందరూ భోజనానికి కూర్చోబోతున్నారు, నా చేతుల్లో ముక్కలు. ఆ రోజు పడ్డ టెన్షన్ ఇప్పటికీ గుర్తుంది. కారణం నాకు తర్వాత తెలిసింది. పెంకు నిండా కంటికి కనపడని వేల రంధ్రాలు ఉంటాయి. రోజులు గడిచేకొద్దీ వాటిగుండా లోపలి కార్బన్ డయాక్సైడ్ బయటికి పోతుంది. దాంతో సొనలో క్షారగుణం పెరిగి, పొరను గట్టిగా పట్టుకోదు. ఉడకబెట్టడానికి వారం, పది రోజులు ఫ్రిజ్‌లో ఉన్న గుడ్లు తీసుకో. తాజావి ఆమ్లెట్‌కి ఉంచు.

నీళ్ళలో ఉప్పు వెయ్యి, వెనిగర్ పొయ్యి, వంట సోడా కలుపు అని రకరకాలుగా చెప్తారు. అన్నీ చేసి చూశాను. మరిగే నీళ్ళలో వేయడం ముందు అవేవీ నిలవలేదు. పైగా సోడా వేస్తే నాకు రుచిలో తేడా తెలిసింది. వాటి జోలికి పోకు.

టైమర్ మోగేలోపే ఒక గిన్నెలో ఐసు ముక్కలు, నీళ్ళు సిద్ధంగా ఉంచుకో. గుడ్లు తీసిన వెంటనే అందులో వేసి పది నిమిషాలు వదిలెయ్. లేకపోతే లోపలి వేడికి అవి ఇంకా ఉడుకుతూనే ఉంటాయి. పచ్చసొన చుట్టూ ఆకుపచ్చ గీత పడిందన్నావు కదా, అది ఎక్కువ ఉడకడం వల్లే. తెల్లసొనలోని గంధకం పచ్చసొనలోని ఇనుముతో కలిస్తే ఆ రంగు వస్తుంది. తింటే ఏమీ కాదు, చూడ్డానికే బాగుండదు.

ఇప్పుడు పెంకు. గుడ్డుకు వెడల్పుగా ఉన్న వైపు లోపల చిన్న గాలి గది ఉంటుంది. ముందు అక్కడ బల్లకేసి టక్కుమని కొట్టు. తర్వాత అరచేతి కింద పెట్టి, బరువు వేయకుండా, పెంకు మీద సన్నని పగుళ్ళు వలలా అల్లుకునేదాకా దొర్లించు. ఆ గాలి గది దగ్గర బొటనవేలు దూర్చి పెంకును మాత్రమే కాదు, దాని కింది పొరను కూడా పట్టుకోవాలి. పొర దొరికిందా, ఇక దిగుల్లేదు. నీళ్ళ గిన్నెలో ముంచి లాగు. నీళ్ళు పొర కిందికి చేరి పెంకును పైకి లేపుతాయి, ముక్కలన్నీ పొరకు అంటుకుని ఒకే పట్టీలా వచ్చేస్తాయి. పొరను వదిలేసి పెంకును ఒక్కటే గిల్లితే మళ్ళీ గుంటలే.

వెంటనే తినని గుడ్లకు పెంకు తీయకు. పెంకుతో ఫ్రిజ్‌లో పెడితే వారం ఉంటాయి. పచ్చివాటితో కలిసిపోకుండా పెన్సిల్‌తో గుర్తు పెట్టుకో. రెండు గంటలకు మించి బయట ఉండిపోతే మాత్రం తినొద్దు.

ముందు రెండే గుడ్లతో చేసి చూడు. ఒకటి చన్నీళ్ళలో మొదలుపెట్టి, ఒకటి మరిగే నీళ్ళలో వేసి, రెండూ పక్కపక్కన పెట్టి ఫోటో పంపు. ఎదురుచూస్తూ ఉంటాను.

పెద్దమ్మ