చేతికి రాని పరిహారాన్ని నమ్ముకొని బాకీని పెంచుకోవద్దు

ప్రశ్న: ఐరోపా సమాఖ్యలోని ఒక నగరం నుంచి మేము నలుగురం తిరుగు ప్రయాణమైనప్పుడు మొదటి విమానం గమ్యానికి ఏడు గంటలు ఆలస్యంగా చేరింది. వేరే టికెట్‌పై వెళ్లవలసిన రెండో విమానం దాంతో తప్పిపోయింది. కొత్త టికెట్లకు, ఒక రాత్రి హోటల్ గదులకు క్రెడిట్ కార్డు వాడాను, కొంత నగదు కూడా దానితోనే తీసుకున్నాను. మొదటి ప్రయాణ దూరం 3,500 కిలోమీటర్లకు మించినందున ఒక్కొక్కరికి 600 యూరోల చొప్పున 2,400 యూరోలు ఇవ్వాలని క్లెయిమ్ పెట్టాను. గగనతల రద్దీపై విధించిన ఆంక్షలే కారణమని విమాన సంస్థ అంటోంది. పరిహారం రాగానే తీర్చవచ్చని నాలుగు నెలలుగా కార్డుపై కనీస మొత్తమే చెల్లిస్తున్నాను. నెలవారీ మదుపు ఆపలేదు. ఇప్పుడు వ్యక్తిగత రుణంతో కార్డు బాకీ తీర్చి, పరిహారం వచ్చాక ఆ రుణాన్ని మూసివేయడం మంచిదేనా?

జవాబు: విమాన సంస్థ నుంచి మీకు రావలసిన సొమ్ము, బ్యాంకుకు మీరు కట్టవలసిన సొమ్ము రెండు వేర్వేరు విషయాలు. వాటిని మీరు ఒకదానితో ఒకటి ముడివేశారు. బ్యాంకుకు కట్టవలసినదానికి నెలనెలా గడువు తేదీ ఉంది, సంస్థ నుంచి రావలసినదానికి ఏ తేదీ లేదు. బోనసు వస్తుందనో, పన్ను రిఫండు వస్తుందనో, బీమా క్లెయిమ్ మంజూరవుతుందనో ముందుగానే అప్పు చేసి, తరువాత వడ్డీల్లో చిక్కుకునేవారు చాలామంది ఉన్నారు కనుక మీ లేఖకు కాస్త వివరంగా బదులిస్తున్నాను.

ముందుగా ఆ 2,400 యూరోల సంగతి చూద్దాం. ఐరోపా సమాఖ్య 2004లో చేసిన 261వ నిబంధన ప్రకారం, అక్కడి విమానాశ్రయం నుంచి బయలుదేరిన విమానం ఏ దేశపు సంస్థదైనా పరిహారం కోరవచ్చు. గమ్యానికి మూడు గంటలు, అంతకు మించి ఆలస్యంగా చేరినవారికీ ఈ హక్కు ఉందని ఐరోపా న్యాయస్థానం 2009లో తేల్చింది. అందువల్ల మీ లెక్కలో తప్పు లేదు. అయితే సంస్థ అదుపులో లేని అసాధారణ పరిస్థితులు కారణమైతే ఈ పరిహారం ఇవ్వనక్కర్లేదు, గగనతల నియంత్రణ ఆంక్షలు సాధారణంగా ఆ కోవలోకే వస్తాయి. ఆ సంగతి రుజువు చేయవలసిన భారం సంస్థదే, నిజమే. కానీ రుజువు చేయగలిగితే మీ చేతికి 2,400 కాదు, సున్నా వస్తుంది. పైగా టికెట్ డబ్బు తిరిగి ఇవ్వడానికి ఏడు రోజుల గడువు పెట్టిన ఆ నిబంధన, పరిహారం చెల్లింపునకు మాత్రం గడువేదీ పెట్టలేదు. రావచ్చు, రాకపోవచ్చు, ఎప్పుడో చెప్పలేము అన్న సొమ్మును ఆదాయంగా లెక్కలో వేయడం మొదటి పొరపాటు.

కార్డుపై కనీస మొత్తం మాత్రమే కట్టడం అంతకంటే పెద్ద పొరపాటు. ఆ చెల్లింపులో అసలుకు పోయేది చాలా తక్కువ. నగదుగా తీసుకున్న భాగానికైతే తీసుకున్న రోజు నుంచే వడ్డీ మొదలవుతుంది. ఇంత ఖరీదైన బాకీని పక్కన పెట్టుకొని మదుపు కొనసాగించడాన్ని నేను ఎంతమాత్రం సమర్థించను, ఎందుకంటే కార్డు వడ్డీని మించిన రాబడిని ఏ ఫండూ హామీ ఇవ్వలేదు. మదుపును ఈ నెల నుంచే ఆపి, ఆ మొత్తాన్ని కార్డుకు మళ్లించండి. అప్పటికీ తీరకపోతేనే, వడ్డీ రేటు స్పష్టంగా తక్కువగా ఉన్న వ్యక్తిగత రుణం తీసుకోండి. పరిహారం అసలే రాదనుకొని, మీ జీతం నుంచే కట్టగలిగిన వాయిదాను ఎంచుకోండి. ముందే తీర్చేస్తే రుసుము ఎంతో సంతకానికి ముందే అడగండి. బాకీ తీరిన కార్డుపై మళ్లీ ఖర్చు పెడితే మీకు రెండు అప్పులు మిగులుతాయి.

ఇక అసలు లోపం విమానానిది కాదు, మీ అత్యవసర నిధిది. నలుగురితో ఖండాంతర ప్రయాణానికి బయలుదేరిన కుటుంబానికి, ఒక రాత్రి హోటల్ గదికీ తిరుగు టికెట్లకూ సరిపడా సొంత డబ్బు అందుబాటులో లేదు. ఇది నన్ను నిజంగా కలవరపెడుతోంది. ఈసారి తప్పిపోయింది విమానం మాత్రమే. అదే వారంలో ఉద్యోగం పోయి ఉంటే, ఇంట్లో ఎవరైనా ఆసుపత్రి పాలై ఉంటే, మీరు ఇదే కార్డును ఇంకా లోతుగా వాడేవారు. కార్డు పరిమితిని అత్యవసర నిధిగా భావించేవారు ఒక్క విషయం గమనించాలి: అది మీ డబ్బు కాదు, బ్యాంకు ఎప్పుడైనా తగ్గించగల అప్పు. ఆరు నెలల ఇంటి ఖర్చులు, వాయిదాలతో సహా, పొదుపు ఖాతాలోనూ, అడిగిన వెంటనే విడిపించుకోగల స్వల్పకాలిక డిపాజిట్‌లోనూ ఉండాలి. షేర్లలో పెట్టినదాన్ని ఈ లెక్కలో చేర్చవద్దు. ఆ నిధి సిద్ధమయ్యే వరకు మదుపును తిరిగి మొదలుపెట్టవద్దు. విదేశీ ప్రయాణానికైతే దీనికి అదనంగా, అందరి ఒకవైపు టికెట్ల ధర, రెండు రాత్రుల బస ఖర్చు అక్కడి నుంచే వాడుకునేలా డెబిట్ కార్డుకు అనుసంధానమైన ఖాతాలో ఉంచాలి. అంత మొత్తం కూడే వరకు ప్రయాణాన్ని వాయిదా వేయడంలో నామోషీ ఏమీ లేదు.

ప్రయాణ బీమా తీసుకోండి, తప్పిపోయిన తదుపరి విమానానికి అది వర్తిస్తుందో లేదో పాలసీలో చూసుకోండి. క్లెయిమ్‌ను మీ తరఫున నడుపుతామనే ఏజెన్సీలు వచ్చిన దానిలో గణనీయమైన వాటా తీసుకుంటాయి కనుక ముందు మీరే ప్రయత్నించండి.

క్లెయిమ్‌ను మాత్రం వదులుకోవద్దు. ఆంక్షలు ఏ సమయంలో, ఏ విమానాశ్రయంలో విధించారో ఆధారాలతో తెలపాలని సంస్థను లిఖితపూర్వకంగా అడగండి. జవాబు సంతృప్తికరంగా లేకపోతే, బయలుదేరిన దేశంలో ఈ నిబంధనను అమలు చేసే సంస్థకు ఫిర్యాదు చేయండి. నగదుకు బదులు వోచర్ ఇస్తామంటే సంతకం పెట్టవద్దు. మీ లిఖితపూర్వక అంగీకారం లేకుండా వోచర్‌తో సరిపెట్టే హక్కు వారికి లేదు. ఆలస్యానికి కారణం ఏదైనా, నిరీక్షణ సమయంలో భోజనం పెట్టే బాధ్యత సంస్థదే కాబట్టి, వారు పెట్టకపోయి ఉంటే మీరు కొనుక్కున్న రసీదులను విడిగా జతచేయండి. కొత్త టికెట్ల ఖర్చు సంగతి వేరు. టికెట్లు విడివిడిగా కొన్నందున 261వ నిబంధన కింద రెండో ప్రయాణం లెక్కలోకి రాదు. ఆ నష్టాన్ని, అంతర్జాతీయ విమాన ప్రయాణాల్లో సంస్థల బాధ్యతను నిర్ణయించే 1999 నాటి మాంట్రియల్ ఒప్పందం కింద మొదటి సంస్థను కోరవచ్చు. అయితే తగిన చర్యలన్నీ తీసుకున్నామని నిరూపించుకుంటే సంస్థ ఇక్కడా తప్పించుకోగలదు. ఈ ఒప్పందం కింద దావాకు గమ్యం చేరిన తేదీ నుంచి రెండేళ్లే గడువు. నాలుగు నెలలు ఇప్పటికే గడిచాయి కనుక, బోర్డింగ్ పాసులు, రెండు టికెట్ల ప్రతులు, కార్డు స్టేట్‌మెంట్ జతచేసి ఈ నష్టాన్ని కోరే లేఖను ఈ వారమే సంస్థకు పంపండి.