యుద్ధం రోజుల్లో పిల్లవాడికి డ్యూటీ ఎవరు వేస్తున్నారో చూడండి

సరిహద్దులో కాల్పుల వార్తలు మొదలైనప్పటి నుంచి మీ పదమూడేళ్ల అబ్బాయి రాత్రీ పగలూ వీడియోలు చూస్తున్నాడనీ, ఒక మతం వాళ్లందరూ శత్రువులే అంటున్నాడనీ రాశారు. ఇది వయసు ఆవేశమా, భయపడాల్సిన సంగతా అని అడిగారు. తేలిగ్గా మాత్రం తీసుకోకండి. మా ఇంట్లో జరిగింది చెబుతాను.

మాది కోనసీమలో అంబాజీపేట దగ్గర పల్లె. మా చెల్లెలు ఇంటి పనికి కువైట్ వెళ్లి నాలుగేళ్లయింది. బావ లారీ మీద తిరుగుతాడు. మేనల్లుడు మా అమ్మ దగ్గరే పెరుగుతున్నాడు. 2025 ఏప్రిల్ 22న పహల్గాంలో 26 మందిని చంపారు. మే 7న ఆపరేషన్ సిందూర్ మొదలైంది, 10న కాల్పుల విరమణ. అవి వేసవి సెలవులు. కాలువలు కట్టేశారు, పిల్లలకు ఈత కూడా లేదు. పెద్దవాళ్లం టీవీ ముందు నుంచి లేవలేదు. అప్పట్లో వాడితో తీరిగ్గా మాట్లాడినవాడు ఒక్కడే, ఫోనులో తుపాకుల ఆట ఆడుతుండగా పరిచయమైన ఒక ‘అన్న’.

ఆ అన్న మొదట్లో మతం మాటే ఎత్తలేదు. “అన్నం తిన్నావా తమ్ముడూ” అని అడిగేవాడు. తర్వాత ఒక గ్రూపులో చేర్చి వీడికి పదిహేడో నంబరు ఇచ్చాడు. మొదటి డ్యూటీ, రోజుకు ఇరవై మందికి వీడియోలు పంపడం. రెండోది, ఊళ్లో ఉన్న ‘శత్రువుల’ జాబితా రాయడం.

ఆ జాబితా నేను చూశాను. లెక్కల నోటుపుస్తకం చివరి పేజీలో స్కేలుతో గీతలు కొట్టి ఏడు వరుసలు రాశాడు. మూడో వరుసలో ‘టైలర్ తాత, మసీదు వెనక పెంకుటిల్లు’ అని ఉంది. వీడి ఒకటో తరగతి నిక్కరు దగ్గర నుంచి కుట్టిపెట్టిన మనిషి ఆయన. పరీక్షలో కూడా వాడు అంత పొందికగా రాసి ఎరుగడు.

ఆ ఇంటి ఫొటో తీసి పంపమన్నప్పుడు వాడికి భయం పట్టుకుంది. రెండు రాత్రులు నిద్రపోలేదు. మూడో రాత్రి డాబా మీద నా పక్కన పడుకుని అంతా చెప్పాడు. చెబుతూ చెబుతూ ఒక మాట అన్నాడు: “విమానం కూలిన వీడియో అబద్ధం మామయ్యా, అది గేమ్‌లోది. చూడగానే తెలిసిపోయింది. చెబితే అన్న గ్రూపులోంచి తీసేస్తాడని ఊరుకున్నాను.” నమ్మి వెళ్లాడనుకున్నాను నేను. నమ్మకపోయినా వెళ్లాడు.

హైస్కూల్లో సాంఘిక శాస్త్రం చెబుతాను. హిట్లర్ యువజన సంఘం గురించి ఎన్నిసార్లు చెప్పానో. పదేళ్లు నిండగానే చేర్చుకునేవారు, 1939 నుంచి అది నిర్బంధం. ముందు పాటలు, చలిమంటలు, శిబిరాలు. యుద్ధం వచ్చాక పాత ఇనుము పోగు చేయడం, కబుర్లు మోయడం. 1940 అక్టోబరు నుంచి బాంబుల భయం ఉన్న నగరాల పిల్లలను తల్లిదండ్రులకు దూరంగా శిబిరాలకు తరలించారు. అక్కడ ఆ సంఘానిదే పెత్తనం. 1943 నాటికి పదిహేను, పదహారేళ్ల బడి పిల్లలను విమానాలను కూల్చే ఫిరంగుల దగ్గర నిలబెట్టారు. ఆ జర్మనీతో మనకు పోలిక పెట్టడం లేదు. కానీ మొదటి రోజే ఏ పిల్లవాడికీ తుపాకీ ఇవ్వరు. చిన్న పని ఇస్తారు, మెచ్చుకుంటారు. ఇది తెలిసి కూడా ఇంట్లో వాడు పదిహేడో నంబరు అయ్యేదాకా నేను గమనించలేదు. ఆ బాధ ఇంకా పోలేదు.

తిట్టలేదు, దేశభక్తి తప్పనలేదు. తప్పు కాదు కూడా. గ్రూపులో కనిపించినవన్నీ స్క్రీన్‌షాట్లు తీసి పోలీసులకు ఇచ్చాను. తర్వాతే వాణ్ని బయటికి తెచ్చాను. మా చెల్లెలు రోజూ రాత్రి తొమ్మిదికి వాడితోనే మాట్లాడుతోంది, మాతో తర్వాత. దింపు తీసే రోజుల్లో కొబ్బరికాయల లెక్క వాడికి అప్పగించాను. జూన్‌లో యూనిఫాం గుడ్డ తీసుకుని టైలర్ తాత దగ్గరికి వాడే వెళ్లాడు. నేను వెంట వెళ్లలేదు. కొలతలు రాసిన చీటీ మాత్రం జేబులో పెట్టుకుని తెచ్చాడు.

మీరు ఇవాళ ఫోను లాక్కోకండి. వీడియోలు నిజమా అబద్ధమా అనే వాదనకూ దిగకండి. పక్కన కూర్చుని ఒక్కటి అడగండి: “నీకు ఎవరైనా ఏదైనా పని చెప్పారా?” అవునంటే ఫోనులో ఉన్న ఆ మెసేజ్‌లు చెరిపేయనివ్వకండి. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఏ వేళప్పుడైనా చేయవచ్చు, డబ్బులు పడవు.