ఎంజాయ్ చేశారు సరే, దేన్ని?

ప్రశ్న: ఆదివారం ఇంటిల్లిపాదీ తలకోన పోయొచ్చాం. మర్నాడు శ్రీసిటీలో మా మేనేజరు వీకెండ్ ఎలా గడిచిందని అడిగారు. ఆయనది ఇంగ్లండు. 'ఐ ఎంజాయ్డ్ ఎ లాట్ సార్, వెరీ నైస్, వెరీ నైస్' అన్నాను. 'గుడ్, గుడ్' అంటూ వెళ్ళిపోయారు. ఇంకాస్త సహజంగా ఎలా చెప్పాలి మేడమ్? తిరుమల దర్శనానికీ 'ఎంజాయ్' వాడొచ్చా?
- ఒక పాఠకుడు, సత్యవేడు

జవాబు: మీరన్నది ఆయనకు అర్థమైంది, దిగులొద్దు. తెలుగులో 'ఎంజాయ్ చేశాం' అంటే మాట పూర్తయిపోతుంది. ఇంగ్లిష్‌లో ఆ క్రియకు కర్మ కావాలి: 'ఐ ఎంజాయ్డ్ ద ట్రిప్', లేదంటే 'ఐ ఎంజాయ్డ్ మైసెల్ఫ్'. మనవాళ్ళు చాలామంది కర్మ లేకుండానే లాగించేస్తారు గానీ, ఇంగ్లండు చెవి ఇంకేదో వస్తుందని కాచుకుని ఉంటుంది. ఈ గొడవే వద్దనుకుంటే 'వి హ్యాడ్ ఎ గ్రేట్ టైమ్' అనండి, 'గ్రేట్' మీద కాస్త ఒత్తి. 'ఇట్ వజ్ ఫన్' కూడా బాగుంటుంది. 'ఫన్నీ' అన్నారో, ఎవరు జారిపడ్డారని అడుగుతారు!

అసలు లోటు వ్యాకరణంలో లేదు. ఆయన మళ్ళీ అడగడానికి మీరేమీ మిగల్చలేదు. 270 అడుగుల పైనుంచి నీళ్ళు దూకే చోటికి పోయొచ్చి 'వెరీ నైస్'తో సరిపెడితే ఎట్లా? చూసిందొకటి చెప్పండి. 'ద వాటర్ వజ్ ఫ్రీజింగ్, బట్ ద కిడ్స్ వుడంట్ కమ్ అవుట్.' నీళ్ళు జివ్వుమంటున్నా పిల్లలు బయటికి రామన్నారు, అంతే. ఇందులో ఎంజాయ్ ఊసే లేదు, అయినా మీ ఆదివారం ఆయన కళ్ళకు కడుతుంది. ఎక్కడ, ఎంత దూరం అంటారు. ఆ తర్వాత 'హౌ వజ్ యువర్స్?' అని మీరూ అడగాలి. మా పిల్లలు క్లాసులో మరిచిపోయేది ఇదే, వైవాలో ప్రశ్న అనుకుని జవాబు చెప్పి ఊరుకుంటారు.

'క్వైట్ గుడ్' జోలికి పోకండి. అమెరికావాళ్ళకు అది మెచ్చుకోలు, ఇంగ్లండువాళ్ళకు చాలాసార్లు 'పర్లేదు' అన్నంతే.

దర్శనం సంగతి. 'ఎంజాయ్డ్ ద దర్శన్' వ్యాకరణానికి తప్పు కాదు గానీ, సినిమా చూసొచ్చినట్టుంటుంది, నాకు నచ్చదు. 'వి హ్యాడ్ ఎ గుడ్ దర్శన్' అని తిరుపతిలో అందరం అనేదే మీరూ అనండి. దర్శన్ అంటే ఏమిటని ఆయనే అడుగుతారు. చెప్పి, ఒక లడ్డూ చేతిలో పెట్టండి. తిని 'నాట్ బ్యాడ్ ఎట్ ఆల్' అంటే మాత్రం నొచ్చుకోవద్దు, వాళ్ళ నోట అది మెచ్చుకోలే.