గొంతు బాగా లేకపోయినా బతుకమ్మ పాట పాడొచ్చా? అందులో అంత సంతోషం ఎందుకు?

తప్పకుండా పాడొచ్చు. ఒకామె పాట ఎత్తుకుంటుంది, చుట్టూ తిరిగే వాళ్లంతా ‘ఉయ్యాలో’ అని అందుకుంటారు. పాట మొత్తం రాకపోయినా ఆ ఒక్క మాట కలిపితే చాలు, కాసేపటికి వరసే పట్టుబడుతుంది. తాళం చప్పట్లు చూసుకుంటాయి. శ్రుతి తప్పినా గుంపులో కలిసిపోతుంది. పెత్రమాస (మహాలయ అమావాస్య) నాడు, పండుగ మొదటి రోజు ఆడే ఎంగిలిపూల బతుకమ్మకు హన్మకొండ వేయిస్తంభాల గుడి దగ్గరికి వెళ్లి చూడండి, ఎవరి గొంతు ఎలా ఉందని ఎవరూ పట్టించుకోరు.

ఇక సంతోషం సంగతి. పాడేటప్పుడు ఊపిరిని పొడుగ్గా, నిదానంగా వదులుతాం, దాంతో టెన్షన్ దిగుతుంది. అందరూ ఒకేచోట ఊపిరి తీసుకుని ఒకే మాట పలుకుతుంటే పక్కన ఉన్నది కొత్తామె అయినా సొంత మనిషిలా అనిపిస్తుంది. నాకైతే ఒంటరిగా పాడినప్పుడు ఇంత హాయి దొరకదు. మొహమాటంగా ఉంటే ముందు చప్పట్లు కొడుతూ తిరగండి.